గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ఇద్దరం బండి మీద వెళ్లొచ్చా? శ్రీకాకుళం నుంచి మార్చిలో వెళ్తున్నాం

కళింగపట్నం రోడ్డు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. నేను లెక్కల మాస్టారుగా చేసి కిందటేడు రిటైర్ అయ్యాను, మా ఆవిడ నర్సుగా చేసి రెండేళ్ల కిందట వాలంటరీ తీసుకుంది. అమ్మాయి, అల్లుడు ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో టార్నీట్‌లో ఉంటారు. మార్చిలో వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం, రెండు నెలలు ఉంటాం.

అసలు విషయం ఏమిటంటే, అక్కడ సముద్రం పక్కనే గ్రేట్ ఓషన్ రోడ్డు అని ఉందట కదా, అమ్మాయి ఫొటోలు పంపింది. అవి చూసిన దగ్గర్నుంచి మా ఆవిడ ఒకటే మాట, కారులో వద్దు, బండి మీద వెళ్దాం అని. పెళ్లయిన కొత్తలో మాకు సీడీ 100 ఉండేది, ఆదివారం ఆవిడకి డ్యూటీ లేకపోతే పొద్దున్నే కళింగపట్నం వెళ్లిపోయేవాళ్లం, లైట్‌హౌస్ దగ్గర కాసేపు కూర్చుని ఎండ ఎక్కకముందే వచ్చేసేవాళ్లం. తర్వాత పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు, నైట్ డ్యూటీలు, అలా ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు నాకు ఎన్‌ఫీల్డ్ 350 ఉంది, రోజూ నడుపుతాను, నాకు 62, ఆవిడకి 57, ఆవిడకి ఎడమ మోకాలు కొంచెం పడుతుంది.

అల్లుడు మంచివాడే, కానీ వద్దు మావయ్యా, నేను కారులో తీసుకెళ్తాను అంటున్నాడు. అమ్మాయి అయితే ఏకంగా ఏడుపు మొహం పెట్టేసింది. అందుకని అక్కడ తిరిగినవాళ్లని అడుగుతున్నాను. మన లైసెన్స్ పనికొస్తుందా, రోడ్డు ఎలా ఉంటుంది, ఈ వయసులో వెనక కూర్చుని అంత దూరం వెళ్లడం ఆవిడకి ఇబ్బంది అవుతుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఏమీ అనుకోను.

గీలాంగ్ నుంచి పేటవాడు:

మాస్టారూ నమస్తే. మాది నరసన్నపేట, తొమ్మిదేళ్లుగా గీలాంగ్‌లో ఉంటున్నాను, ఆ రోడ్డు మొదలయ్యే టార్కీ మా ఇంటికి ఇరవై ముప్పై నిమిషాలు. నాకూ బండి ఉంది. వెళ్లండి అనే చెప్తాను, కానీ కొన్ని విషయాలు తెలుసుకుని వెళ్లండి.

ముందు లైసెన్స్. మీ కార్డు మీద గేరు బండి ఎంట్రీ, అంటే ఎంసీడబ్ల్యూజీ, ఉందో లేదో చూసుకోండి, కారు ఎంట్రీ ఒక్కటే ఉంటే ఇక్కడ బండి ఎక్కకూడదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు తమ దేశం లైసెన్స్ మీద ఆరు నెలల వరకు నడపొచ్చు, మన కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. అయినా ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోండి, అద్దెకిచ్చేవాళ్లు అడుగుతారు. మన ఆర్టీఓ ఆఫీసులో ఫారం 4ఏ, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పాస్‌పోర్టు, వీసా, టికెట్ కాపీలు దగ్గర పెట్టుకుని వెళ్లండి, లేకపోతే రెండుసార్లు తిరగాలి.

రోడ్డు గురించి. టార్కీ నుంచి వార్నంబూల్ దగ్గర అలన్స్‌ఫర్డ్ వరకు 243 కిలోమీటర్లు. మనలాగే ఎడమ పక్క నడపాలి, అది మీకు పెద్ద ప్లస్. ఇంకో మంచి విషయం ఏమిటంటే టార్కీ వైపు నుంచి వెళ్తే సముద్రం మీ ఎడమ పక్కనే ఉంటుంది, అంటే మీ లేన్‌కీ నీళ్లకీ మధ్య ఇంకో లేన్ ఉండదు, ఆంటీ గారికి మొత్తం కనిపిస్తుంది. అటు నుంచి ఇటు వస్తే కొండ పక్కన ఉంటారు. కాబట్టి ఎవరు ఏం చెప్పినా వెళ్లేటప్పుడు సముద్రం దారి, వచ్చేటప్పుడు లోపలి దారి పెట్టుకోండి.

లోర్న్ నుంచి అపోలో బే వరకు సుమారు 45 కిలోమీటర్లు, అదే అసలు ముక్క. ఒక పక్క కొండ, ఒక పక్క కింద రాళ్లకి కొట్టుకునే కెరటాలు, మలుపు తర్వాత మలుపు. మలుపుల ముందు పసుపు బోర్డుల మీద 35 అని, 25 అని అంకెలు ఉంటాయి, అది ఆ మలుపుకి తగిన స్పీడు, మీరు మొదటిసారి కాబట్టి దాన్ని తు.చ. తప్పకుండా పాటించండి. వెనక కార్లు వస్తే కంగారు పడొద్దు, నెమ్మదిగా వెళ్లేవాళ్లు పక్కకి తప్పుకోవడానికి అక్కడక్కడ జాగా వదిలారు, సిగ్నల్ వేసి అందులోకి వెళ్లి వాళ్లని పంపించేయండి. ఇక్కడ హారన్ కొట్టరు, మీరూ కొట్టొద్దు.

ఆ రోడ్డు ఎలా వచ్చిందో తెలిస్తే ఇంకా ఇష్టంగా చూస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సుమారు మూడు వేల మంది సైనికులు 1919 నుంచి 1932 వరకు గునపాలు, పారలు, మందుగుండు పట్టుకుని ఆ కొండల్ని తవ్వారు. యుద్ధంలో చనిపోయిన తోటివాళ్ల గుర్తుగా కట్టింది, అందుకే ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డు మీద దుంగలతో చేసిన తోరణం ఉంటుంది. 1983 కార్చిచ్చులో కాలిపోతే మళ్లీ నిలబెట్టారు. నేను దాని కింద నుంచి ఎన్నిసార్లు వెళ్లానో, ప్రతిసారీ ఒక్క క్షణం స్లో చేస్తాను.

బండి మెల్‌బోర్న్ సిటీ మధ్యలో తీసుకోవద్దు. అక్కడ ట్రామ్ పట్టాలు ఉంటాయి, వాన పడితే చక్రం జారుతుంది, పైగా కొన్ని సెంటర్లలో కుడికి తిరగాలంటే ఎడమ చివరికి వెళ్లి ఆగి సిగ్నల్ మారాక తిరగాలి, కొత్తవాళ్లకి బుర్ర తిరిగిపోతుంది. శివార్లలో ఇచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర తీసుకోండి. అద్దెతో పాటు క్రెడిట్ కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేస్తారు, అది అల్లుడు గారి కార్డు కాకుండా నడిపేవాళ్ల పేరు మీద ఉండాలంటారు కొందరు, ముందే అడగండి. పెట్రోలు మనమే పోసుకుని లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి డబ్బులు కట్టాలి.

మార్చి మంచి నెల. జనవరిలో రద్దీ, మంటల భయం రెండూ ఉంటాయి. 2015 క్రిస్మస్‌కి వై రివర్, సెపరేషన్ క్రీక్ ఊళ్లలో 116 ఇళ్లు కాలిపోయాయి, ఇప్పటికీ ఆ కొండల మీద తేడా తెలుస్తుంది. బయల్దేరే రోజు పొద్దున్న ఫైర్ వార్నింగ్ ఒకసారి చూసుకోండి చాలు.

గంటస్తంభం దగ్గర:

మాది విజయనగరం. మేమిద్దరం 2023 ఏప్రిల్‌లో ఆ రోడ్డు బండి మీద చూశాం, మా ఆయన నడిపారు, నేను వెనక కూర్చున్నాను. పైన తమ్ముడు నడిపేవాళ్ల సంగతి బాగా చెప్పాడు, నేను అక్క కోసం రాస్తున్నాను, మాస్టారు గారూ, ఇది ఆవిడకి చదివి వినిపించండి.

అక్కా, మేం చేసిన తప్పు ఒక్కటే, ఒక్క రోజులో వెళ్లి రావాలనుకున్నాం. అందరూ కారులో అలాగే వెళ్లొస్తారు కదా అని. బండి మీద అది కుదరదు. నడిపే మనిషికి చేతిలో పని ఉంటుంది, మలుపు ముందే తెలుస్తుంది, ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. మనకి అలా కాదు, ఆయన బ్రేకు వేస్తే ముందుకి, యాక్సిలరేటర్ ఇస్తే వెనక్కి, ప్రతి మలుపుకీ నడుము పనిచేస్తూనే ఉంటుంది. అపోలో బే చేరేసరికి నేను బాగానే ఉన్నాను, ఆనందంలో ఏమీ తెలియలేదు. అక్కడ్నుంచి రోడ్డు సముద్రాన్ని వదిలేసి ఆట్వే అడవిలోకి పోతుంది. లావర్స్ హిల్ అని కొండ మీద ఊరు, అక్కడికి వెళ్లేసరికి చలి. ఏప్రిల్ మనకి ఎండాకాలం కదా, వాళ్లకి చలికాలం దగ్గర పడే రోజులన్న సంగతి తెలిసి కూడా పట్టించుకోలేదు. చెట్లు ఎంత ఎత్తంటే మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద ఎండ లేదు, తడి ఆరలేదు, మలుపుల్లో ఆకులు పడి ఉన్నాయి. అద్దెకిచ్చినవాళ్లు నాకిచ్చిన జాకెట్ రెండు సైజులు పెద్దది, మెడ దగ్గర్నుంచి గాలి దూరిపోయేది, గ్లోవ్స్ అసలు లేవన్నారు. నా వేళ్లు కొంకర్లు పోయాయి. లావర్స్ హిల్‌లో టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని పది నిమిషాలు తాగకుండా అలాగే కూర్చున్నాను. మా ఆయన భయపడిపోయారు.

ఆ రోజు మేం తిరిగి వెళ్లలేదు. పోర్ట్ క్యాంప్‌బెల్‌లో చిన్న రూము దొరికింది, అక్కడే ఉండిపోయాం. అది మా అదృష్టం అనుకుంటాను, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే టూరిస్టు బస్సులు రాకముందు ట్వెల్వ్ అపోసిల్స్ దగ్గర పది మంది కూడా లేరు. పేరుకి పన్నెండు గానీ అక్కడ ఎప్పుడూ పన్నెండు లేవట. సున్నపురాయి స్తంభాలు, వాటిలో ఎత్తయినవి పదిహేను అంతస్తుల మేడంత, సముద్రంలో నిలబడి ఉంటాయి. కెరటాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున మొదలు కోసేస్తుంటాయి, 2005 జూలైలో ఒకటి జనం చూస్తుండగానే కూలిపోయింది. పొద్దుటి ఎండ ఒక పక్క నుంచి పడితే పసుపు, దాని వెనక నీడలో బూడిద రంగు. మన మంగమారిపేట దగ్గర సముద్రంలో రాతి తోరణం చూసుంటావు కదా, భీమిలి రోడ్డులో, అలాంటిదే అక్కడ లండన్ బ్రిడ్జి అని ఇంకా పెద్దది ఉండేది. 1990 జనవరిలో ఒడ్డుకి కలిసిన భాగం పడిపోతే ఇద్దరు చివర మిగిలిపోయారు, హెలికాప్టర్ వచ్చి దించింది.

కానీ అక్కా, నన్ను పట్టేసింది అవేవీ కావు, లాక్ ఆర్డ్ గార్జ్. అపోసిల్స్‌కి దగ్గరే. రెండు పక్కలా గోడల్లాంటి కొండలు, మధ్యలో చిన్న ఇసుక ఒడ్డు. 1878 జూన్ 1న ఇంగ్లండ్ నుంచి వస్తున్న లాక్ ఆర్డ్ ఓడ ఇక్కడ రాయికి గుద్దుకుంది. మూడు నెలల ప్రయాణం చేసి రేపో మాపో మెల్‌బోర్న్ చేరతామనుకున్నవాళ్లు. 54 మందిలో ఇద్దరే బతికారు. టామ్ పియర్స్ అనే కుర్రాడు ఒడ్డుకి కొట్టుకొచ్చి, నీళ్లలో అరుపు విని మళ్లీ ఈదుకుంటూ వెళ్లి ఈవా కార్మైకేల్ అనే అమ్మాయిని లాక్కొచ్చి గుహలో పడుకోబెట్టి, ఆ కొండ ఎక్కి సాయం పిలుచుకొచ్చాడు. ఆ పిల్లతో పాటు ఓడలో ఉన్న తల్లీ తండ్రీ తోబుట్టువులూ అందరూ పోయారు. పైన సమాధులు ఉన్నాయి. కిందకి మెట్లు తెరిచి ఉంటే దిగు, మోకాలు కాబట్టి మెల్లగా, ఆ ఇసుక మీద నిలబడి ఆ ఇరుకు సందులోంచి సముద్రాన్ని చూడు. మా మేనమామ వేటకి వెళ్లి తుఫానులో రెండు రోజులు తిరిగి రాలేదు నా చిన్నప్పుడు, చింతపల్లి ఒడ్డున అమ్మమ్మ కూర్చునే ఉంది. నాకు అక్కడ నిలబడితే అదే గుర్తొచ్చింది. చాలాసేపు మాట్లాడలేకపోయాను.

కాబట్టి రెండు రాత్రులు పెట్టుకో. మొదటి రాత్రి అపోలో బే, రెండోది పోర్ట్ క్యాంప్‌బెల్. గంటకోసారి దిగి నాలుగడుగులు వెయ్యి, దిగాలనిపించకపోయినా దిగు.

బొబ్బిలి నుంచి:

అందరూ వెళ్లమంటున్నారు, నేను మాత్రం వద్దనే అంటాను మాస్టారూ, ఏమీ అనుకోకండి. మా తమ్ముడు, మరదలు ఫుకెట్ వెళ్లినప్పుడు స్కూటర్ అద్దెకు తీసుకున్నారు, కొండ దిగుతుంటే ఇసుక మీద జారి పడ్డారు. మరదలికి కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం, తీరా చూస్తే పాలసీలో ఎక్కడో ఒక లైను, మోటార్ సైకిల్ వర్తించదని. మొత్తం చేతి నుంచి కట్టాం, మా నాన్న గారి పొలం మీద అప్పు తెచ్చి. ఇప్పటికి నాలుగేళ్లు, ఆ అమ్మాయి మెట్లు ఎక్కేటప్పుడు ఇంకా రెయిలింగ్ పట్టుకుంటుంది. 57 ఏళ్ల మనిషికి అదే జరిగితే? కారులో వెళ్లినా అదే సముద్రం కదండీ.

గీలాంగ్ నుంచి పేటవాడు:

బొబ్బిలి అన్నా, మీ మరదలు గారి విషయం విని చాలా బాధేసింది. మీరు చెప్పిన ఇన్సూరెన్స్ మాట నేను మొదటే రాయాల్సింది, మర్చిపోయాను. మాస్టారూ, ట్రావెల్ పాలసీ కొనేముందు ఆ లైను వెతకండి. కొన్నిటిలో టూ వీలర్ అసలు ఉండదు, కొన్నిటిలో ఇన్ని సీసీల వరకే అని ఉంటుంది, కొన్నిటిలో విడిగా డబ్బు కడితే కలుపుతారు. 350 సీసీ బండి, వెనక మనిషి, ఇద్దరికీ వర్తిస్తుందా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి, ఫోన్లో చెప్పింది నమ్మొద్దు. విక్టోరియాలో టీఏసీ అని ప్రభుత్వ సంస్థ ఉంది, ఇక్కడ రిజిస్టరైన బండికి యాక్సిడెంట్ అయితే తప్పు ఎవరిదైనా వైద్యం ఖర్చు చూస్తుంది, బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకి కూడా. అలాగని పాలసీ మానొద్దు, ఇంటికి తిరిగి తీసుకురావడం లాంటివి అందులోకి రావు.

అన్నా, కారులో అదే సముద్రం అన్నారు కదా, నిజమే, కానీ నేను రెండు విధాలా వెళ్లాను కాబట్టి చెప్తున్నాను. వాన పడి వెలిసాక ఆ కొండల మీద నీలగిరి చెట్ల వాసన, కింద నుంచి ఉప్పు గాలి, రెండూ ఒకేసారి మొహానికి కొడతాయి, కారు అద్దం వేసుకుంటే అది రాదు. మాస్టారు గారు ముప్పై ఏళ్ల కోరిక అంటున్నారు. భయం ఉంది కాబట్టి మానేయడం కంటే ఆ భయానికి తగ్గట్టు సిద్ధమవడం మేలని నా అభిప్రాయం. సాయంత్రం ఐదు దాటాక మాత్రం బండి తీయొద్దు మాస్టారూ, కంగారూలు, వాటిలాగే ఉండే చిన్న వల్లబీలు చీకటి పడే వేళకి రోడ్డు మీదకి వస్తాయి, మన ఊళ్లో గేదె అడ్డం వచ్చినట్టు నెమ్మదిగా కాదు, ఒక్క గెంతులో బండి ముందు ఉంటుంది.

కళింగపట్నం రోడ్డు:

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. నాలుగు రోజులు రాయలేదు, కారణం చెప్తాను. బొబ్బిలి బాబు రాసింది చదివి నేను వెనక్కి తగ్గాను, కారులోనే వెళ్దామని ఆవిడతో చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. రాత్రి గంటస్తంభం అమ్మ రాసింది మొదట్నుంచి చివరిదాకా మళ్లీ చదివించుకుంది, లాక్ ఆర్డ్ దగ్గర ఆపి ఆ కుర్రాడికి వయసెంత అని అడిగింది. పద్దెనిమిది ఏళ్లు అలా ఉంటాయి అన్నాను. మర్నాడు పొద్దున్న ఐదింటికి లేచి హెల్మెట్ తీసి తుడుచుకుంటోంది.

సరే, పరీక్ష పెట్టుకుందాం అనుకుని బారువ బయల్దేరాం. గంటకోసారి దిగమన్నారు కదా, టెక్కలి దగ్గర ఒకసారి, పలాసలో ఒకసారి దిగాం. హైవే మీద లారీల గాలికి తప్ప ఆవిడకి ఏ ఇబ్బందీ రాలేదు. ఉద్దానంలోకి తిరిగాక కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్తుంటే తిత్లీ తుఫానుకి పడిపోయిన చోట వేసిన కొత్త చెట్లు ఇప్పుడు ఎంత ఎదిగాయో చూపిస్తూ వచ్చింది, 2018లో ఆవిడ అక్కడే మెడికల్ క్యాంపు డ్యూటీ చేసింది. బారువ ఒడ్డున అరగంట కూర్చున్నాం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మోకాలు పట్టేసింది, ఫుట్‌రెస్ట్ మీద కాలు ఎక్కువసేపు ముడుచుకుని ఉండటం వల్ల. కాబట్టి అక్కడ బండి తీసుకునేటప్పుడు వెనక ఫుట్‌రెస్ట్ కిందకి ఉండేది, సీటు వెడల్పుగా ఉండేది చూసుకుంటాం, ముందు ఆవిడ కూర్చుని చూశాకే అద్దె మాట్లాడతాను.

అమ్మాయితో మాట్లాడాం. రెండు రాత్రులు, మీరు చెప్పిన ఊళ్లలోనే. అల్లుడు వెనకాల కారులో వస్తానన్నాడు, సామాను అందులో వేస్తాం, ఆవిడకి కాలు పట్టేస్తే అక్కడ్నుంచి కారెక్కేస్తుంది. అందరికీ ఇది నచ్చింది. బొబ్బిలి బాబూ, నువ్వు వద్దన్నందుకే ఈ కారు ఏర్పాటు వచ్చింది, పాలసీ వాళ్లకి ఈమెయిల్ కూడా పెట్టాను, జవాబు వచ్చాకే కొంటాను. మీ మరదలికి మా ఆవిడ ఫిజియో వ్యాయామాలు కొన్ని చెప్తానంటోంది, అభ్యంతరం లేకపోతే విడిగా రాయి.

గంటస్తంభం అమ్మా, ఆవిడ ఒకటి అడగమంది. గ్లోవ్స్ ఇక్కడే కొనుక్కుని తెచ్చుకోవాలా, అక్కడ కొనాలా, చీర మీద వద్దు కదా, పంజాబీ డ్రెస్ మీద జాకెట్ సరిపోతుందా?

గంటస్తంభం దగ్గర:

అక్కా, చున్నీ అస్సలు వద్దు, చక్రంలోకి పోతుంది. ఇంటి దగ్గర్నుంచే మందం జీన్సు, మడమ కప్పే బూట్లు తెచ్చుకో. గ్లోవ్స్ ఇక్కడే కొను, విశాఖలో దొరుకుతాయి, వేసుకుని పిడికిలి బిగించి చూడు, వేళ్ల మొదట్లో పట్టేస్తే ఒక సైజు పెద్దది తీసుకో. జాకెట్ మాత్రం అక్కడ నీ ఒంటికి పట్టేది దొరికేదాకా వాళ్లని వదలకు, మెడ దగ్గర జిప్పు పైదాకా వచ్చేదై ఉండాలి. లోపల వేసుకోవడానికి పల్చటి స్వెట్టరు ఒకటి. లాక్ ఆర్డ్ దగ్గర ఫొటో తీసుకుంటే ఇక్కడ పెట్టు.